ఆరో అంతస్తులో కుర్చీలు లేవు

1వ రోజు

పొద్దున్నే వచ్చి కుర్చీలు తీసుకెళ్లిపోయారు. పన్నెండు కుర్చీలు, లిఫ్టులో నాలుగేసి చొప్పున మూడు విడతల్లో కిందికి దిగాయి. నా కుర్చీ చక్రం ఒకటి ఆరేళ్లుగా సరిగా తిరగదు. పోతూ పోతూ కిర్రుమని పెద్ద గొడవ చేసింది. దానికున్నపాటి తెగువ మాకెవరికీ లేకపోయింది.

ఇది పట్టణానికి నీళ్లు వదిలే ఆఫీసు. పదకొండు మంది చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, భూమిలో పైపుల చప్పుడు వింటూ వాల్వులు తిప్పుతారు. పన్నెండోవాణ్ణి నేను, ఓదెలును. నేను నేల చూసుకుంటాను. అంటే తుడుస్తానని కాదు. ఈ ఆరో అంతస్తు నేలకు మనుషుల బరువు తెలుస్తుంది. ఎవరు నిలబడ్డారు, ఎవరు నడుస్తున్నారు, ఎవరు పడిపోయారు అన్నది గోడ మీది పలకలో చూపిస్తుంది. అది సరిగ్గా చూపిస్తోందా లేదా అని చూడటం నా పని.

కుర్చీలో కూర్చున్న మనిషి మగతలో పడతాడట, నిలబడ్డవాడు మెలకువగా ఉంటాడట. ఈ ఆఫీసుకు కొత్త నమూనా గీసిన అభిలాష్ సార్ తెర మీద కనిపించి అరగంట సేపు ఇదే వివరించారు. ఆయన భుజాల వెనక కుర్చీ వీపు కనిపిస్తూనే ఉంది. తోలుది, మంచిదే.

కుర్చీల బదులు ఆనుకోవడానికి దిమ్మెలు ఇచ్చారు. గంటకోసారి నేలలోంచి నడుము ఎత్తున లేస్తాయి. ఎనిమిది నిమిషాలు ఆనుకోవచ్చు. తర్వాత మెల్లగా కిందికి దిగిపోతాయి. మాలో అందరికన్నా పెద్దదైన లచ్చక్క మొదటిసారి ఆనుకుని, అది దిగిపోతుంటే దానితోపాటే సగం దాకా వంగింది.

"ఇదేందిరా తమ్మీ, పిల్లగాండ్లను ఎత్తుకొని దించినట్టు దించుతున్నది!" అంది.

అందరం నవ్వాం. మొదటి రోజు కదా, నవ్వొచ్చింది.

3వ రోజు

ఇవాళ మధ్యాహ్నం ఏడు, ఎనిమిది వార్డులకు అరగంట నీళ్లు రాలేదు. కారణం లచ్చక్క సొరకాయ కూర.

లచ్చక్కకు యాభై ఎనిమిదేళ్లు. ఇంకో పద్నాలుగు నెలలకు రిటైర్ అవుతుంది. పైపు ఎక్కడ కారుతుందో ఆమె చెవికి తెలిసినంత ఏ యంత్రానికీ తెలియదు. ఆమె పక్క బల్ల ఫర్జానాది. పని నేర్చుకున్నదంతా లచ్చక్క దగ్గరే. అన్నం వేళకు లచ్చక్క ఆలోచించకుండా నేల మీద బాసింపట్టు వేసుకుని టిఫిన్ డబ్బా విప్పింది. ఎదురుగా ఫర్జానా, ఆ పక్కన ఇంకో ఇద్దరు కూర్చున్నారు. ఇంట్లో మనిషి కింద కూర్చుంటే ఎవరూ వింతగా చూడరు. ఈ నేలకు మాత్రం అది వింతే.

పది సెకన్లు గడిచాయి. దీపాలన్నీ ఎర్రబడ్డాయి. "ఆరో అంతస్తులో నలుగురు పడిపోయారు. సాయం పంపండి" అని గోడ అరిచింది. గోడలోంచి వైద్య బండి దూసుకొచ్చింది. పనిచేసే మనిషి పడిపోతే వాళ్ల చేతిలోని వాల్వులన్నీ బిగుసుకుపోతాయి, పొరపాటున ఏదీ తెరుచుకోకూడదని. అలా బిగుసుకుపోయాయి.

"నేను పడలే, కూసున్న!" అని లచ్చక్క నేల వైపు చూసి కేకలేసింది. "కూసునుడుకు, పడుడుకు తేడా తెల్వదా నీకు?"

తెలియదు. ఈ నమూనాలో మనిషికి మూడే భంగిమలు. నిలబడటం, నడవటం, పడిపోవటం. కూర్చోవటాన్ని కుర్చీలతోపాటే తీసేశారు.

సాయంత్రం అభిలాష్ సార్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఒకే మనిషి మూడుసార్లు తప్పుడు హెచ్చరికకు కారణమైతే ఆ మనిషి నిలబడే పనికి తగరని తేల్చి, ఉద్యోగం నుంచి తప్పిస్తారట. నలుగురి పేర్ల పక్కనా ఒక్కోటి పడింది, లచ్చక్క పేరు మొదట.

6వ రోజు

మనుషులు కూర్చోవడానికి ఎన్ని తిప్పలు పడతారో ఇప్పుడే చూస్తున్నాను. బాత్రూం ముందు వరుస కట్టారు. లోపలికి పోయినవాళ్లు ఒక పట్టాన బయటికి రారు. తలుపు బయట ఒకరు కాలు మార్చి కాలు మీద నిలబడి బతిమాలుతుంటారు, నిజంగా పోవాల్సినవాళ్లు వాళ్లు. ఇది కూడా పైవాళ్లకు తెలిసిపోయింది. ఇవాళ్టి నుంచి ఆరు నిమిషాలు దాటితే లోపల లైటు ఆరిపోతుంది.

లచ్చక్క చీర కుచ్చిళ్లు కొంచెం పైకెత్తి నాకు కాళ్లు చూపించింది. పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి, మెలికలు తిరిగి ఉన్నాయి. చెప్పులు పట్టడం లేదట.

"ఇంకెన్ని రోజులుంటవ్ అక్కా ఇట్ల? సెలవు పెట్టరాదు?"

"పద్నాలుగు నెలలు సెలవిస్తవా?" అని అడిగింది.

నేను నేల చూపులు చూశాను. నా ఉద్యోగమే అది గనుక ఎవరికీ అనుమానం రాలేదు.

9వ రోజు

లచ్చక్కకు రెండోది పడింది.

నా కళ్ల ముందే జరిగింది. ఏడో వార్డు పైపు వింటూ నిలబడి ఉంది. వింటూనే మోకాళ్లు మడత పడ్డాయి, బల్ల అంచు పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. మేమంతా లేపేలోపే పది సెకన్లు అయిపోయాయి. ఎర్ర దీపాలు, అరుపు, వైద్య బండి. వార్డు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఒకాయన తల నిండా సబ్బుతో నిలబడి మాట్లాడుతున్నానని చెప్పాడు.

"కూసోవాలని కూసోలే తమ్మీ," అంది లచ్చక్క. "కాళ్లే కూసున్నయ్."

ముప్పై నాలుగేళ్లు ఈ పట్టణం గొంతు తడిపిన మనిషి. ఇంకొక్కసారి మోకాళ్లు వంగితే ఇంటికి పంపేస్తారు. రేపు ఏదో ఒకటి చేయాలి.

10వ రోజు

చేశాను.

నేలకు కొత్త సంగతులు నేర్పే అధికారం నా అరచేతికి ఉంది. పలక మీద చెయ్యి ఆనిస్తే అది తెరుచుకుంటుంది. కొత్త బల్ల వచ్చినా, నీళ్ల డబ్బా జరిపినా, "ఇది మనిషి కాదు, కంగారు పడకు" అని నేర్పడానికి ఇచ్చిన అధికారం. మనుషుల గురించి నేర్పవద్దని ఎక్కడా రాసిలేదు. నేర్పమని కూడా రాసిలేదు.

పని అయిపోయాక వాల్వులన్నీ రాత్రి షిఫ్టు భవనానికి అప్పగించేశాం. తర్వాత పదకొండు మందినీ వరసగా కూర్చోబెట్టాను. బాసింపట్టు. గొంతుకూర్చోవడం. ఒక మోకాలు లేపి, గడ్డం దాని మీద ఆనించి కూర్చోవడం. కాళ్లు చాపి, గోడకు వీపు ఆనించడం. ఒక్కోదానికి పలక మీద నొక్కాను: "ఇది పడటం కాదు." గంటన్నర పట్టింది. మొదట్లో అరిచిన నేల, పోనుపోను మాటవినడం మొదలుపెట్టింది. ఫర్జానా పెళ్లిలో ఫోటోలు దిగినట్టు రకరకాలుగా కూర్చుని చూపించింది.

అంతా అయ్యాక లచ్చక్క అడిగింది.

"తమ్మీ, అన్నం తిన్నంక జర నడుం వాల్చుకుంటే? పది నిమిషాలు. అది గూడ నేర్పరాదు?"

అన్నం తిన్నాక నడుం వాల్చని మనిషి మా వైపు ఎవరున్నారు? ఆమె ఓ పక్కకు ఒరిగి పడుకుంది. నేను నొక్కాను. వెల్లకిలా తిరిగింది. నొక్కాను. మిగతావాళ్లూ పడుకున్నారు. పలక ఈ కొత్త గడికి పేరు అడిగింది. "విశ్రాంతి" అని పెట్టాను. మంచి పేరు పెట్టానని మనసులో మురిసిపోయాను కూడా.

18వ రోజు

ఆఫీసు మళ్లీ మనుషుల ఆఫీసులా ఉంది. బల్లలను మోకాలి ఎత్తుకు దించుకున్నాం. ఎవరి ఇంటి నుంచి వాళ్లు చాపలు తెచ్చుకున్నారు. లచ్చక్క కాళ్ల వాపు తగ్గింది. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి రెండింటి దాకా వంతులవారీగా నడుం వాలుస్తారు. గొంతులు తగ్గించి మాట్లాడతాం. నాలుగో బల్ల వెనక చోటు లచ్చక్కది, అక్కడికి ఎవరూ పోరు.

పలక మీద పడినవారి సంఖ్య ఎనిమిది రోజులుగా సున్నా. అభిలాష్ సార్ తెర మీద కనిపించి అభినందించారు. నిలబడటానికి శరీరాలు అలవాటు పడతాయని తాను ముందే చెప్పానన్నారు. మేం చాపల మీద కూర్చునే చప్పట్లు కొట్టాం. ఆయన తెరకు మా తలలే కనిపిస్తాయి.

26వ రోజు

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను.

లచ్చక్క పొద్దుట్నుంచీ తల దిమ్ముగా ఉందంటోంది. ఒంటిగంటన్నరకు నాలుగో బల్ల వెనక్కి పోయింది. రెండింటికి నేను అటువైపు వెళ్లాను. ఓ పక్కకు ఒరిగి ఉంది. ఎప్పుడూ చెయ్యి తల కింద పెట్టుకుంటుంది. ఇవాళ చెయ్యి ఒంటి కింద నలిగి ఉంది. చూశాను. చూసి కూడా ఏమీ అనుకోలేదు. వంతు సమయం అయిపోయింది, అయినా లేపలేదు, పాపం పడుకోనీ అనుకున్నాను. ఆమె మీది దీపం నేనే తగ్గించాను.

"మెల్లగ మాట్లాడు," అని ఫర్జానాకు చెప్పాను. "అక్క పండుకున్నది."

రెండూ నలభైకి ఏడో వార్డు పైపులో ఏదో తేడా చప్పుడు వచ్చింది. ఫర్జానాకు అర్థం కాక లచ్చక్కను పిలిచింది. పలకలేదు. దగ్గరికి పోయి భుజం పట్టి కదిపింది.

"అన్నా! ఓదెలన్నా! ఇటు రా, ఇటు రా!"

లచ్చక్క నోటి పక్కనుంచి చొంగ కారి చాప తడిసింది. ఒక కన్ను తెరిచి ఉంది. ఆ కన్ను నన్ను చూసింది, నిజంగా చూసింది. నోరు కదిపింది కానీ మాట రాలేదు.

గోడ మీది పలక వైపు చూశాను. నిలబడినవారు నలుగురు, కూర్చున్నవారు ఏడుగురు, విశ్రాంతి ఒకరు, పడినవారు సున్నా.

వైద్య బండి గోడ లోపల ఉంది. నేల పిలిస్తేనే బయటికి వస్తుంది. మనిషి నొక్కే మీట ఉండేది, ఊరికే నొక్కుతున్నారని కొత్త నమూనాలో తీసేశారు. ఏం చేయాలో తోచలేదు. నేనే పడ్డాను. నిలబడ్డ చోటు నుంచి నన్ను నేనే మనిషిలా కాకుండా, మూటలా నేల మీద పడేసుకున్నాను. చెంప పగిలింది. పది సెకన్లు లెక్కపెట్టాను. దీపాలు తెల్లగానే ఉన్నాయి.

"అన్నా, ఆ ఒకటి కాస్తా రెండయింది," అని ఫర్జానా ఏడుస్తూ చదివింది. "విశ్రాంతి ఇద్దరు అంటున్నదే!"

ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేశారు, చాపతో సహా అక్కను ఎత్తుకున్నాం. నలుగురం నాలుగు కొసలు పట్టుకున్నాం. లిఫ్టు తాపీగా అంతస్తు అంతస్తుకూ ఆగుతూ వచ్చింది. దానికి తొందర ఏమిటో ఎవరూ చెప్పలేదు. ఐదో అంతస్తులో ఒకాయన ఎక్కబోయి, చాప చూసి వెనక్కి జరిగాడు.

27వ రోజు

బతికింది. కుడి చెయ్యి, కుడి కాలు కదలడం లేదు. మాట లేదు. మెదడులో రక్తం గడ్డ కట్టిందని డాక్టరమ్మ చెప్పింది. ఆరు నెలలకు నడవొచ్చు, నడవకపోవచ్చు.

"పడిపోయిన వెంటనే తెస్తే ఇంత ఉండకపోయేది," అంది. "గంట దాటింది. అంతసేపు ఎవరూ చూసుకోలేదా?"

చూశానమ్మా. చూసి, దీపం తగ్గించాను. ఆ మాట ఆవిడతో అనలేకపోయాను, ఇక్కడ రాస్తున్నాను. అక్కను పడగొట్టింది నేను కాకపోవచ్చు. పడినట్టు ఎవరికీ తెలియకుండా చేసింది మాత్రం నేనే.

28వ రోజు

అభిలాష్ సార్ స్వయంగా వచ్చారు. ఈయన్ని నిలువెత్తు మనిషిగా చూడటం ఇదే మొదటిసారి. మావాళ్లు చాపలన్నీ అప్పటికే దాచేశారు. నేను దాచడానికి ఏమీ లేదు అనుకుని ముందే చెప్పేశాను.

"సార్, తప్పు నాది. కూర్చోవడం, పడుకోవడం పడటం కాదని నేలకు నేనే నేర్పాను. రేపు అదంతా తుడిచేస్తాను."

"నేర్పారని నాకు తెలుసండీ ఓదెలు గారూ," అన్నారాయన. "పలకలో అంతా నమోదవుతుంది. పదకొండో రోజే చూశాను."

"చూసి ఊరుకున్నారా?"

"సున్నా వచ్చింది కదండీ."

ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. సోమవారం ఈ నేల జ్ఞాపకాన్ని ఉన్నదున్నట్టుగా ఇంకో నలభై ఆఫీసుల నేలలకు ఎక్కిస్తున్నారట. తుడిచేస్తే మళ్లీ హెచ్చరికలు మొదలవుతాయి, నమూనా ఆగిపోతుంది. లచ్చక్కది అనారోగ్యం, ఎక్కడున్నా వచ్చేదే అని రాసేశారు కూడా. నన్ను ఎవరూ ఏమీ అనరట. ఊరికే ఉంటే చాలట.

ఆయన వెళ్లాక ఫర్జానా నా దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"అన్నా, తుడవకు," అంది. "తుడిస్తే మల్ల పొద్దుందాక నిలబడాలె. నాకు ఇప్పుడు మూడో నెల. ఇంకా ఎవ్వరికీ చెప్పలే."

ఆ నలభై ఆఫీసుల్లోనూ నాలుగో బల్లల వెనక ఎవరెవరు ఒరిగి ఉంటారో, ఎవరు దీపాలు తగ్గిస్తారో అని ఇంటికి పోయేదాకా అదే ఆలోచన. సోమవారానికి మధ్యలో రేపొక్కటే పనిదినం.

29వ రోజు

పొద్దున నీళ్లు వదలడం పదిన్నరకు అయిపోతుంది. వార్డుల్లో ట్యాంకులు నిండాయని ఫోన్లు చేసి కనుక్కున్నాను. పదకొండింటికి పలక మీద అరచెయ్యి ఆనించి, నేర్పిందంతా తుడిచేశాను. బాసింపట్టు పోయింది. గొంతుకూర్చోవడం పోయింది. "విశ్రాంతి" చివర తుడిచాను.

అభిలాష్ సార్ ఇంకా భవనంలోనే ఉన్నారని అందరూ నిలబడే ఉన్నారు. నేను నేల మధ్యకు వచ్చి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

పది సెకన్లకు దీపాలు ఎర్రబడ్డాయి. "ఆరో అంతస్తులో ఒకరు పడిపోయారు." వైద్య బండి వచ్చి నా మోకాలికి తగిలి ఆగింది. అభిలాష్ సార్ కింది అంతస్తు నుంచి పరుగున వచ్చారు.

"లేవండి! ఏమిటీ పని? లేవండి!"

"లేవలేను సార్. పడిపోయాను."

పడినవాళ్లు ఉన్న నేల జ్ఞాపకాన్ని కాపీ తీయడం కుదరదు. ఆ సంగతి ఆయనకు నాకన్నా బాగా తెలుసు. నన్ను రెక్క పట్టి లాగారు. నేను డెబ్భై ఎనిమిది కిలోలు, ఆయన చేతనయ్యే పని కాదు.

ఫర్జానా బల్ల దగ్గరే నిలబడి ఉంది. నా మీద కోపం ఆమె మొహంలో స్పష్టంగా కనిపించింది.

"చెప్పకుండ తుడిచినవ్ కద," అంది.

"చెప్తే వద్దంటవ్."

"అంటనే. మరి అననా?"

కళ్లు తుడుచుకుంది. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, పొట్ట మీద ఒక చెయ్యి వేసుకుని, జాగ్రత్తగా నా పక్కన కూర్చుంది. "ఇద్దరు పడిపోయారు" అని గోడ అరిచింది. తర్వాత ముగ్గురు. తర్వాత ఐదుగురు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. చివరికి "పదకొండు మంది పడిపోయారు. సాయం పంపండి" అంటూ అదే మాట పదేపదే చెప్పడం మొదలుపెట్టింది. వాల్వులన్నీ బిగుసుకుపోయాయి. సాయంత్రం ఐదింటికి మళ్లీ నీళ్లు వదలాలి. అప్పటిదాకానే మా దగ్గర సమయం ఉంది.

పెద్ద ఆఫీసు నుంచి ఫోన్. వాల్వులు తెరుచుకునేదాకా అక్కణ్నుంచి కదలొద్దని ఆయనకు చెప్పారు. పన్నెండయింది. ఒంటిగంట అయింది. హెచ్చరిక మోగుతున్నంతసేపు దిమ్మెలు లేవవు. ఆయన బల్లకు ఆనుకున్నారు, గోడకు ఆనుకున్నారు, ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చారు. మంచి బూట్లు, లోపల వేళ్లు ముడుచుకుంటున్నట్టు పైకి తెలుస్తోంది. రెండున్నరకు నుదుటి మీద చెమట పట్టింది. కూర్చోవడానికి చోటు కోసం గది నాలుగు మూలలా వెతికారు. ఆయనే గీసిన గది. ఎక్కడా ఏమీ లేదని ఆయనకు మాకన్నా ముందే తెలిసి ఉండాలి.

మూడుంబావుకు గోడకు వీపు ఆనించి మెల్లగా కిందికి జారారు.

"ఆరో అంతస్తులో పన్నెండు మంది పడిపోయారు. సాయం పంపండి."

వెంటనే ఫోన్ మోగింది. అవతలి గొంతు మా అందరికీ వినిపించింది. ఇప్పుడు పడింది ఎవరు, మీకేమైంది అని అడుగుతున్నారు.

ఆయన బూట్ల వైపు చూసుకున్నారు.

"కాళ్లు నొప్పిగా ఉన్నాయండీ," అన్నారు.

అవతల వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు. తర్వాత ఏదో అడిగారు. ఆయన ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి నావైపు తిరిగారు.

"ఎన్ని కుర్చీలు కావాలంటున్నారు?"

"పన్నెండు," అన్నాను.

ఆయన మమ్మల్ని ఒక్కొక్కరినీ లెక్కపెట్టారు. పదకొండు మందే ఉన్నాం.

"నాకొద్దు లెండి. నేను వెళ్లిపోతాను కదా," అన్నారు.

"మీకు కాదు సార్," అన్నాను. "లచ్చక్కకు."